ఓడిన ఊరి ఆడపడుచు

మా పుట్టింటి ఊరికీ మెట్టినింటి ఊరికీ మధ్య ఒక కాలువ. దాని మీద, లారీ వస్తే సైకిలు దిగి నిలబడాల్సినంత ఇరుకు వంతెన. రెండూ పెనుగొండ చుట్టుపక్కలే. పేర్లు రాయను. రాస్తే ఏ ఊరి పేరు ముందు రాశానన్న దాని మీద మళ్ళీ గొడవ మొదలవుతుంది. పడింది చాలు.

దాళ్వా పంట కోతలయ్యాక మా వైపు ఊళ్ళన్నీ టెన్నిస్ బంతితో క్రికెట్ పోటీలు పెట్టుకుంటాయి. కోసిన చేను చదును చేసి, సున్నంతో గీతలు గీసి, షామియానా వేసి, మైకు పెడతారు. కప్పు కొట్టడం మా అత్తింటి ఊరికి కొత్త కాదు. మా పుట్టింటి ఊరు ఫైనల్ దాకా రావడమే మొదటిసారి. ఆ జట్టు కెప్టెన్ మా తమ్ముడు. రొయ్యల చెరువులు చూసుకుంటాడు, వయసు నలభై దాటింది, మోకాలికి పట్టీ వేసుకుని మరీ బౌలింగ్ చేస్తాడు. ఇవతలి జట్టు కెప్టెన్ మా మరిది. ఇక ఫైనల్ రోజున నా పరిస్థితి ఏంటో వేరే చెప్పక్కర్లేదు. అయినా చెబుతాను. చెప్పకుండా ఊరుకునే అలవాటు నాకు లేదు.

అసలు ఎక్కడ కూర్చోవాలన్నదే మొదటి తగువు. షామియానాకి అటు సగం వాళ్ళ ఆడవాళ్ళు, ఇటు సగం మా వాళ్ళు. ఇందులో "వాళ్ళు" ఎవరో "మా వాళ్ళు" ఎవరో నాకే తెలియలేదు. మా మరదలు, అంటే తమ్ముడి భార్య, అటువైపు నుంచి చెయ్యూపి కుర్చీ చూపించింది. మా అత్తయ్యగారు ఇటువైపు నా కొంగు పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. పెద్ద కోడలు అవతలి వైపు కూర్చుంటే ఊరేమనుకుంటుందని ఆవిడ భయం. సరే, కుర్చీదేముంది, మనసు ఎక్కడైనా కూర్చోవచ్చు అనుకున్నాను. అది అబద్ధమని ఆఖరి ఓవర్లో తెలిసింది.

ఆఖరి బంతికి నాలుగు పరుగులు కావాలి. బ్యాటు మా మరిది చేతిలో, బంతి మా తమ్ముడి చేతిలో. మైకులో కామెంటరీ చెప్పేవాడి గొంతు కూడా తగ్గిపోయింది. అత్తయ్యగారు కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నారు. నేను నా చేతుల్ని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎవరికి చప్పట్లు కొట్టినా ఒక ఇంట్లో అన్నం పుట్టదు. తమ్ముడు పరిగెత్తుకుంటూ వచ్చి బంతి వేశాడు. మా మరిది దాన్ని ఎత్తి కొట్టాడు. అది ఫీల్డర్ల తలల మీదుగా, గట్టు మీదుగా వెళ్ళి కాలువలో పడింది.

తర్వాత చుట్టూ అందరూ లేచారు, నేను లేవలేదు. జనం కాళ్ళ సందుల్లోంచి తమ్ముడు కనిపించాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, వంగి, నేల వంక చూస్తూ ఉండిపోయాడు. ఎవరో భుజం తడితే ఆ చెయ్యి విదిలించేశాడు. నాకు అక్కడికి వెళ్ళాలనిపించింది. మైదానం మధ్యలోకి, గెలిచిన ఊరి పెద్ద కోడలు, ఓడిన కెప్టెన్ దగ్గరికి. వెళ్ళలేకపోయాను.

సాయంత్రం కప్పుని ట్రాక్టరు మీద పెట్టి, డప్పులతో, ఊరంతా తిప్పి మా ఇంటికి తెచ్చారు. టపాకాయలు సరిగ్గా మా గేటు ముందే కాల్చారు. కప్పు మా టీవీ పక్కన కూర్చుంది. అందరికీ టీ పెట్టమని అత్తయ్యగారు పురమాయించారు. నా తమ్ముణ్ణి ఓడించిన పదకొండు మందికీ, వాళ్ళ వెనకాల వచ్చిన ఊరికీ టీ కాచి పోశాను. పెద్ద కోడలి ఉద్యోగంలో సెలవులుండవు.

మా మరిది ఒక గుక్క తాగి, "వదినా, కోపంలో పంచదార మర్చిపోయినట్టున్నావు" అన్నాడు.

"వేశాను. కప్పు నెత్తికెక్కితే నోటికి తీపి తెలియదట" అన్నాను.

అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. గెలిచినవాడికి ఏం పోయింది, నవ్వుతాడు. మా ఆయన మాత్రం గ్లాసులోకి చూసుకుంటూ కూర్చున్నారు. తమ్ముడికీ బావమరిదికీ మధ్య మ్యాచ్ పడితే ఆయన ఏ వైపో ఇప్పటికీ నాకు తెలియదు. అడిగితే "మంచి ఆట గెలవాలి" అంటారు. అలాంటివాళ్ళతో కాపురం చాలా కష్టం.

మర్నాడు ఎదురింటి పిన్నిగారు ముగ్గు వేస్తూ, ఆఖరి బంతి మీ తమ్ముడు పుట్టింటి సారె కింద పంపించాడటగా అని వీధిలో నలుగురూ వినేలా అంది. మీ పుట్టింటి నుంచి ఇన్నేళ్ళలో బంతి కూడా రాలేదు కదండీ పిన్నిగారూ అన్నాను. ఆవిడ ముగ్గులో చుక్క తప్పింది. కాలేజీకి వెళ్తే, నేను ఎకనామిక్స్ చెప్పే క్లాసులో మా అత్తింటి ఊరి కుర్రాళ్ళు గెలిచిన జట్టు టీషర్టులు వేసుకుని ముందు బెంచీల్లో వరసగా కూర్చున్నారు. చెప్పకుండా పరీక్ష పెట్టాను. నాకు వచ్చిన ఓదార్పు అదొక్కటే.

ఇవన్నీ నేను తట్టుకోగలను. నాకు నోరుంది. తమ్ముడికి అది లేదు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మరదలు ఎత్తి, గొంతు తగ్గించి చెప్పింది. భోజనం పళ్ళెం తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోతున్నాడట. ఆ బంతి గురించి ఎవరైనా నోరెత్తితే అక్కణ్ణించి లేచిపోతున్నాడట. ఇంట్లో ఆవిడతో కూడా దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదట. పైగా ఇవతలి కుర్రాళ్ళు సాయంత్రం పూట బైకుల మీద వాళ్ళ వీధిలోకి వెళ్ళి, గేటు ముందు హారన్లు కొట్టి వస్తున్నారు.

వంతెన దగ్గర ఫ్లెక్సీ ఒకటి లేచింది. బ్యాటు ఎత్తిన మా మరిది నిలువెత్తు బొమ్మ, కింద గుండ్రాల్లో మిగతా వాళ్ళ మొహాలు, "మళ్ళీ ఏడాది ప్రయత్నించండి" అని పెద్దక్షరాలు, పక్కన రెండు చేతులు జోడించిన బొమ్మ. ఫ్లెక్సీ మొహం అవతలి ఊరి వైపు. మా తమ్ముడి చెరువులు కాలువకి ఇవతల ఉన్నాయి. వంతెన దాటితే కూతవేటు. ఆ ఫ్లెక్సీ పెట్టిన దగ్గర్నుంచీ తమ్ముడు కాలువ లాకుల మీదుగా చుట్టూ తిరిగి వెళ్తున్నాడని మరదలు చెప్పింది. రొయ్యలకి మేత వేళ తప్పుతోందని కూడా చెప్పింది.

ఆ వారం చివర్లో అత్తయ్యగారు నన్ను వంటింట్లో కూర్చోబెట్టి, అన్నవరం వెళ్ళడానికి మంచిరోజు చూశానన్నారు. ఎందుకన్నాను. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకున్నారు. ఆఖరి ఓవర్లో కళ్ళు మూసుకుని గొణిగింది ఇదీ: మన ఊరు గెలిస్తే పెద్దవాణ్ణీ పెద్ద కోడల్నీ పీటల మీద కూర్చోబెట్టి సత్యనారాయణస్వామి వ్రతం చేయిస్తాను. మామయ్యగారు లేరు కాబట్టి ఆవిడ పీటల మీద కూర్చోరు. ఇంట్లో ఏ వ్రతమైనా మేమిద్దరమే కూర్చుంటాం. అలవాటు కొద్దీ నోట్లోంచి అదే వచ్చింది.

నాకు మాట రావడానికి కాస్త టైము పట్టింది. అది చాలా అరుదు.

"అత్తయ్యా, నా తమ్ముడు ఓడిపోయినందుకు నేను పీటల మీద కూర్చుని దేవుడికి దణ్ణం పెట్టాలా?"

ఆవిడ నా మొహం వంక చూశారు. మొదటిసారి ఆ సంగతి ఆవిడకి తట్టినట్టుంది. "నువ్వు ఆ ఊరిదానివన్నది నిజంగా మర్చిపోయానే అమ్మాయ్" అన్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నాతో అన్న మంచి మాట ఇదేనేమో. చెడ్డ మాట కూడా ఇదేనేమో. ఏదో తేల్చుకోలేక నాకు ఇంకా కోపం వచ్చింది. ఒకరు మొక్కితే ఇంకొకరు తీర్చడం ఏ శాస్త్రంలో ఉందని వాదించాను. మరిది దంపతుల్ని కూర్చోబెట్టండి, సిక్సరు కొట్టింది వాడేగా అన్నాను. పెద్ద కోడలనే నోటితో అనేశాను అన్నారావిడ. పొరపాటున అన్నారు అన్నాను. దేవుడితో పొరపాటున అన్నా అన్నట్టే అన్నారు. అరవలేదు, ఏడవలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను గెలిచేదాన్ని. మొక్కు పెట్టుకుని తీర్చకపోతే ఇంట్లో ఎవరికి ఏమవుతుందోనని మాత్రం ఆవిడకి పట్టుకుంది. మా మరిది బైకు తీస్తే చాలు, వీధి చివర దాకా చూస్తూ నిలబడేవారు.

ఊళ్ళో పంతులుగారిని అడిగాను. ఆయన పంచాంగం పక్కన పెట్టి, మొక్కుకున్న ప్రకారం చేస్తే మంచిదేనండి, మార్చినా స్వామివారు ఏమీ అనుకోరండి, మీ అత్తగారు అనుకుంటారండి అన్నారు. అంతకంటే తెలివైన జవాబు నేను ఏ కాలేజీలోనూ వినలేదు, అంతకంటే పనికిరానిదీ వినలేదు.

ఇరుకు వంతెన ఉన్న ఊళ్ళలో మాట వెడల్పుగా నడుస్తుంది. మర్నాటికల్లా సంగతి అవతలికి చేరిపోయింది. మరదలు ఫోన్ చేసింది. తమ్ముడు చెప్పమన్నాడట. "వదినా, ఆ పీటల మీద కూర్చుంటే ఈ గుమ్మం ఎక్కొద్దని చెప్పమన్నారు. నేనైతే ఆ మాట చెప్పనన్నాను. చెప్పకపోతే నేనే వెళ్ళి చెబుతానన్నారు. అందుకని చెబుతున్నాను."

అమ్మా నాన్నా పోయాక ఆ గుమ్మమే నా పుట్టిల్లు. వేరే లేదు. పుట్టింటి గుమ్మం ఎక్కని ఆడదాన్ని ఇక్కడ ఎలా చూస్తారో, ఏ పేరంటంలో ఏ మాట వస్తుందో నేను రాయక్కర్లేదు. అయినా అది జనం సంగతి. నాకు వాడి మీద బెంగ. ఆ బంతి గురించి ఎవరితోనూ మాట్లాడడు, అది వాడి లోపలే తిరుగుతోంది. నేనూ దూరమైతే ఇక వాడితో దెబ్బలాడేవాళ్ళెవరూ ఉండరు. దెబ్బలాడకపోతే వాడు మాట్లాడడు, చిన్నప్పటి నుంచీ అంతే.

మా ఆయన్ని అడిగితే, "నీకెలా తోస్తే అలా చెయ్యి" అన్నారు. తోచకే అడిగానని చెప్పి బయటికొచ్చాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర అందరూ ఉండగా చెప్పాను. కూర్చుంటాను. కానీ ముందు వంతెన దగ్గర ఫ్లెక్సీ దిగాలి. బైకులు వంతెన దాటి హారన్లు కొట్టడం ఆగాలి.

మా మరిది ముద్ద ఆపాడు. ఫ్లెక్సీ తనది కాదు, ఊరిదన్నాడు. బొమ్మ ఎవరిది అన్నాను. కుర్రాళ్ళు చందాలేసుకుని పెట్టారు, తీసేస్తే తన మొహం ఎక్కడ పెట్టుకోవాలన్నాడు. ప్రస్తుతం వంతెన మీద పెట్టుకున్నావు, తీసి మెడ మీద పెట్టుకో అన్నాను. వాడు కంచం ముందు నుంచి లేచాడు.

"ఆటలో ఓడిపోతే ఓడిపోయామనుకోవాలి వదినా. దానికి మేం గెలవనట్టు నటించాలా?"

అందులో న్యాయముంది. అందుకే నాకు మంట పుట్టింది. "గెలుపు నీది. ఉంచుకో. రోజూ వాడి దారికి అడ్డంగా పెట్టమని ఎవరు చెప్పారు?"

వాడు చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. అత్తయ్యగారు మజ్జిగ పోస్తూ, ఎవరి వంకా చూడకుండా, "రేపు పొద్దున్నకి అది ఉండకూడదు" అన్నారు. ఆవిడ ఎప్పుడూ ఒక్కసారే చెబుతారు.

పొద్దున్న మా మరిది కొడవలి పట్టుకెళ్ళి తాళ్ళు తానే కోసి, ఫ్లెక్సీ చుట్టి తెచ్చి, పశువుల కొట్టాం కప్పు మీద పరిచాడు. బొమ్మ కిందికి, తెల్లవైపు పైకి. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశాడు. టీ కావాలంటే వాళ్ళావిడతో చెప్పి పంపేవాడు. వీధిలో కుర్రాళ్ళు నన్ను చూస్తే గొంతు తగ్గించేవాళ్ళు. అంతకుముందు అవతలి ఊరిలోనే నాతో మాటల్లేవు. ఇప్పుడు ఇవతలి ఊరిలోనూ లేవు. నోరున్న మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష ఉండదు.

అన్నవరం కారులో వెళ్ళాం. మా ఆయన తోలారు, అత్తయ్యగారు వెనక సీట్లో. కొండ మీద వ్రత మండపంలో వరసలు వరసలుగా దంపతులు, ప్రతి జంట ముందూ ఒక కలశం. నాకు ఒకటే భయం. సంకల్పం చెప్పేటప్పుడు పురోహితుడు గోత్రం అడుగుతాడు, ఏ కోరికని అడుగుతాడు, నేను నోటితో చెప్పాల్సి వస్తుంది. నా పక్కన పెళ్ళి బట్టల్లోనే వచ్చిన కొత్త జంట, అటుపక్క పసిపాపని ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళు. వాళ్ళ మధ్య కూర్చుని, మా తమ్ముడి బంతి కాలువలో పడినందుకు స్వామీ అని ఎలా అనను.

ఎవరూ అడగలేదు. పురోహితుడు మైకులో, ఎవరి కోరిక వాళ్ళు మనసులో చెప్పుకోండి అన్నారు. మా ఆయన కళ్ళు మూసుకున్నారు. నేను మూయలేదు. ఇది మా అత్తగారి మొక్కు, నా చేతులతో తీరుస్తున్నాను, ఇందులో నా మాట లేదు, నీకు తెలుసు అని కలశం వంక చూసి చెప్పాను. అక్షింతలు వెయ్యమన్నప్పుడు వేశాను. వెనక్కి తిరిగి చూస్తే, గోడవార కూర్చున్న అత్తయ్యగారి భుజాలు కిందికి దిగాయి. ఇన్నాళ్ళూ ఆవిడ వాటిని చెవుల దాకా ఎత్తుకుని తిరిగారని అప్పుడు తెలిసింది.

వ్రత కథల్లో ఆఖరిదాంట్లో, వేటకెళ్ళిన రాజు, పశువులు కాసుకునేవాళ్ళు ప్రసాదం పెడితే, చిన్నచూపు చూసి అక్కడే వదిలేసి పోయి, అన్నీ పోగొట్టుకుంటాడు. చిన్నప్పటి నుంచీ ఎన్ని ఇళ్ళల్లో విన్నానో. మా ఇంట్లో ప్రతి వ్రతానికీ తమ్ముడు నా పక్కన కూర్చుని విన్నాడు. ఈ ప్రసాదం వద్దనగలిగినవాణ్ణి మా వైపు నేనింతవరకూ చూడలేదు, దేవుడు లేడని ఉపన్యాసాలిచ్చే మా కాలేజీ లెక్చరరుతో సహా. కిందికి దిగేటప్పుడు ఆకు పొట్లాలు ఇంకో నాలుగు కొన్నాను. అత్తయ్యగారు ఎవరికని అడగలేదు.

వస్తూ కారు కాలువకి అవతల, మా తమ్ముడి వీధిలో ఆపమన్నాను. మా ఆయన ఆపారు, దిగలేదు. అత్తయ్యగారు కొంగు తల మీదికి లాక్కుని అటు తిరిగారు.

తమ్ముడు గేటు లోపల మోటారు విప్పి బాగుచేస్తున్నాడు. నన్ను చూసి లేచాడు, కానీ గేటు తియ్యలేదు. మొహం బాగా పీక్కుపోయింది. నా నుదుటి బొట్టు, చేతికి కట్టిన తోరం చూశాడు.

"కూర్చున్నావన్నమాట."

"కూర్చున్నాను."

"గుమ్మం ఎక్కొద్దన్నాను కదక్కా."

"ఎక్కలేదు. వీధిలో ఉన్నాను. ఈ రోడ్డు పంచాయితీది." గేటు పైనుంచి పొట్లం అందించాను. "స్వామి ప్రసాదం."

వాడు గ్రీజు చేతుల వంక చూసుకున్నాడు. మరదలు వెనక నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి వాడి చేతుల మీద పోసింది. వాడు కడుక్కున్నాడు. అయినా పొట్లం అందుకోలేదు.

"నేను ఓడిపోయినందుకు ప్రసాదమా ఇది?"

"వాళ్ళు గెలిచినందుకు."

"రెండూ ఒకటే."

"ఒకటి కాదు. నువ్వు ఓడిపోవాలని ఎవరూ మొక్కలేదు. ఎవరైనా మొక్కి ఉంటే నేను ఆ పీట తీసి వాళ్ళ నెత్తి మీద వేసేదాన్ని."

వాడు కారు వంక చూశాడు. వెనక సీట్లో అత్తయ్యగారి తల కదల్లేదు. నా చెయ్యి గేటు మీద నొప్పెట్టడం మొదలుపెట్టింది. వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడు తీసుకుంటే మళ్ళీ చాపలేనని తెలుసు. తమ్ముడు ఆ ఆకు వంక చూశాడు. అప్పుడు రెండు చేతులూ పట్టి, పొట్లం తీసుకుని, కళ్ళకద్దుకుని, విప్పి, నిలబడే ఒక ముద్ద తిన్నాడు. నమలడం అయ్యేదాకా తల ఎత్తలేదు.

తర్వాత, మోటారుతో చెబుతున్నట్టు, "యార్కరే వెయ్యబోయానక్కా. చెమటకి చెయ్యి జారింది" అన్నాడు.

ఆ బంతి వాడి నోట్లోంచి రావడం అదే మొదటిసారి. మరదలు చెంబు పట్టుకుని అలాగే ఆగిపోయింది. ఇక్కడ ఓదార్చాలని నాకూ తెలుసు. పాపం అనాలి, పోనీలే అనాలి. అలా అంటే వాడు మళ్ళీ మోటారు ముందు కూర్చుంటాడు.

"చెయ్యి జారలేదు. మోకాలు నొప్పెట్టి అడుగు తగ్గించావు. అసలు ఆ ఓవరు నీకెవరు వెయ్యమన్నారు? మీ ఎడమచేతివాటం కుర్రాడు ఏమైనట్టు?"

"వాడికి అనుభవం లేదు."

"నీకుందిగా. ఏం చేసుకున్నావు దాన్ని?"

"అటువైపు కూర్చుని చూసినదానివి నువ్వు నాకు చెప్పొచ్చావా?" వాడి గొంతు లేచింది.

"అటువైపు కూర్చున్నాను కాబట్టే నీ అడుగు కనిపించింది."

మోకాలికి ఏమీ లేదన్నాడు. ఉందన్నాను. ఫీల్డరు గట్టు దగ్గర ఉండాల్సింది ముందుకొచ్చాడన్నాడు. పెట్టింది నువ్వే కదా అన్నాను. పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి తొంగి చూశారు. తమ్ముడి మొహం ఎర్రబడింది, చేతులు గాల్లో తిరుగుతున్నాయి, ప్రసాదం వేళ్ళకి అంటుకునే ఉంది. ఇన్ని రోజులుగా ఆ బంతి గురించి నోరు విప్పని మనిషి ఆ ఓవరు మొదటి బంతి నుంచి చెప్పుకొచ్చాడు. నేను ప్రతి బంతికీ అడ్డం పడ్డాను. మరదలు చెంబు కింద పెట్టి, కళ్ళు తుడుచుకుని, గేటు గొళ్ళెం మీద చెయ్యి వేసి మొగుడి వంక చూసింది.

తమ్ముడు చెబుతున్నది ఆపి, పక్కింటి గోడ వంకా, నా వంకా చూశాడు.

"లోపలికొచ్చి తిట్టవే అక్కా. వీధంతా వింటున్నారు."

వెనక కారు తలుపు తెరిచిన చప్పుడైంది. ఎవరు దిగారో నేను తిరిగి చూడలేదు. గేటు తెరుచుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూనే, నాలుగో బంతి సంగతి ఇంకా తేలలేదని వాడికి గుర్తుచేశాను.